పర్యాయనామం

టార్టులో మార్చి అంటే ఇంకా చలికాలమే.
మ్యూజియం మూడో అంతస్తులో, హీటరు పక్కన,
ఆరు వందల పన్నెండు పొట్లాలు.
అన్నిట్లోనూ రాతిపువ్వే,
బూడిదరంగు, గిన్నె అంచున ఎండిన మీగడలాంటిది.

హెల్సింకీ వాళ్ళు అరువిచ్చినవి తెల్ల కవర్లలో వచ్చాయి,
లెనిన్‌గ్రాడ్ ముద్ర ఉన్నవి గోధుమరంగు అట్టల్లో.
మా గురువు వాల్దెకో గారివి మాత్రం
ఏ కాగితం దొరికితే అందులో.
ఒకటి రేషను కార్డులో,
ఒకటి ఎవరి పిల్లాడి లెక్కల పుస్తకమో చింపి:
ఏడెనిమిదులు యాభై నాలుగు అని ఉంది,
ఎవరూ దిద్దలేదు.

దిద్దడం ఇప్పుడు నా పని.
ఈ ప్రజాతిలో జాతులెన్నో తేల్చాలి.
పుస్తకాల్లో ఇరవై మూడు.
నాకు పదకొండు దాటి కనబడటం లేదు.

పెద్ద పనేం కాదు, పొడుగాటి పని.
బ్లేడుతో వెంట్రుకవాసి ముక్క కోస్తాను.
ఒక చుక్క పొటాష్ వేస్తాను.
ఎర్రబడితే ఈ వైపు, పసుపుగానే ఉంటే ఆ వైపు.
బీజాల పొడవు కొలుస్తాను, వెడల్పు కొలుస్తాను,
నిన్నటి నన్ను ఇవాళ నమ్మక
కొలిచిందే మళ్ళీ కొలుస్తాను.
సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక.
కింది అంతస్తు ఊర్వె కాఫీ తెచ్చి అడుగుతుంది:
"ఇవాళ ఎన్నిటిని చంపావు?"
"చంపడం కాదు, కలపడం."
"మా తాత పొలం తీసుకున్నప్పుడూ ఇదే మాట అన్నారు."

గురువుగారు పెట్టిన పేర్లు ఆరు.
నీడలో పెరిగింది ఒకటి, ఎండకు మాడింది ఒకటి,
కొట్టం గాలి తగిలి బలిసింది ఇంకొకటి.
ఒకే ఒంటికి ఆరు చొక్కాలు.
ఆయన్ని తప్పు పట్టను.
ఆయన దగ్గరున్నది చేతి భూతద్దం, దానికీ బీట.
ఐదింటిని నిరుడు ఆకురాలే కాలంలోనే కిందికి దించేశాను.
మిగిలింది అస్టా పేరు మీది జాతి.

అస్టా ఎవరో ఆయన రాయలేదు.
లాటిన్‌లో నాలుగు వాక్యాలు, ఒక దీవి పేరు,
'కంచె చెక్క మీద', యుద్ధం తర్వాత మూడో చలికాలం.
ఆయన భార్య పేరు మెటా.
శిష్యులం చాటుగా చాలా అనుకున్నాం.

ఏప్రిల్లో మంచు విడిచాక ఫెర్రీ ఎక్కాను.
మూల నమూనా దొరికిన చోటే మళ్ళీ వెతకాలి.
కంచె లేదు.
జూనిపర్ పొదలు, వాటిలో తుప్పుపట్టిన గొళ్ళెం.
లైడా అనే ముసలామె, ఎనభై ఎనిమిదేళ్ళది,
చేపలకు పొగ పెడుతూ తలెత్తకుండా చెప్పింది:
"కట్టెలు అయిపోయిన ఏడు కాల్చేశాం.
ఆ తెల్లపొర చిటపటలాడింది."
"మరి అస్టా?"
అప్పుడు తలెత్తింది.
"అస్టా మా ఆవు.
ఆ కంచెకే ఒళ్ళు రుద్దుకునేది.
సంచీ కుర్రాడు జ్వరంతో వారం రోజులు
మా పొయ్యి దగ్గరే పడుకున్నాడు.
దాని పాలతోనే లేచి నిలబడ్డాడు.
పోయేటప్పుడు, ఇవ్వడానికేమీ లేదని ఒకటే ఏడుపు.
మరుసటేడు దాన్ని సమష్టి క్షేత్రానికి తోలుకుపోయారు."
చేపను తిరగేసింది.

తిరిగొచ్చి పొటాష్ చుక్క వేశాను.
వెయ్యకముందే తెలుసు.
ఎర్రబడింది.
ఇంకో ముక్క. ఎర్రబడింది.
మూల నమూనా తరిగిపోతోంది, ఇక చాలనుకున్నాను.

మా శాస్త్రంలో ఒక నియమం ఉంది.
పద్ధతిగా అచ్చయిన పేరును చెరిపెయ్యడం ఉండదు.
ఓడిన పేరును
గెలిచిన పేరు కింద, చిన్న అక్షరాల్లో,
ఏ ఏడు, ఏ పేజీ, ఏ కంచె అన్నదానితో సహా
మోసుకుపోవాల్సిందే.
ఎన్నాళ్ళకో ఎవరో వచ్చి నాదే తప్పని తేలిస్తే
అది మళ్ళీ లేచి నిలబడొచ్చు.

రాశాను. పర్యాయనామాల్లో పద్నాలుగోది.
ఓడిన పేర్లకు కథ రాసే ఆనవాయితీ లేదు.
అయినా ఒక పంక్తి చేర్చాను:
'అస్టా: ఆ దీవి నివాసి, సేకర్తను బతికించింది.'
సంపాదకుడు ఇంటిపేరు అడిగాడు.
దొరకలేదని జవాబిచ్చాను. అబద్ధమేం కాదు.

ఒక్క పొట్లం ఇంకా బల్ల మీదే ఉంది,
ఏడెనిమిదులు యాభై నాలుగు అన్నది.
అందులోది ఎర్రబడదు, పసుపుగానూ ఉండదు.